హెడ్ గ్యాస్కెట్ మార్చేటప్పుడు టైమింగ్ చైన్ జారకుండా ఎట్లా?

కావలి_పెట్రోల్: అన్నా, 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, రేడియేటర్‌లో బుడగలు, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య సీలు) మార్చాలి. చైన్ మీదుండే ముందువైపు కవర్ విప్పకుండా హెడ్ ఎత్తాలి. క్రాంక్ నుంచి వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే ఈ టైమింగ్ చైన్‌ని ఎట్లా పట్టి ఉంచాలి?

ఒంగోలు_స్పానర్: ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (వాల్వులు మూసుకొని పిస్టన్ పైకొసకి వచ్చే చోటు) తెచ్చి, చైన్ లింకుకీ క్యామ్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) పన్నుకీ ఎదురెదురుగా తెల్ల పెయింట్ చుక్కలు పెట్టు. అసలు తంటా చైన్‌ని బిగువుగా నెట్టి ఉంచే టెన్షనర్‌తోనే. చైన్ వదులైందా, దాని రాట్చెట్ ప్లంజర్ (ఒకవైపే కదిలే కడ్డీ) బయటికి తన్నుకొస్తది, ఇక వెనక్కి పోదు. అప్పుడు కవర్ విప్పక తప్పదు. బయటినుంచి తీసే టెన్షనరైతే ముందే తీసెయ్. లేదంటే చైన్ రెండు పేటల మధ్య సన్నటి చెక్క చీలిక దిగ్గొట్టు, తాడు కట్టి మరీ. స్ప్రాకెట్ తీశాక చైన్‌కి బైండింగ్ వైరు కట్టి, హెడ్ ఎత్తేటప్పుడు ఇంకొకరు బిగువుగా పట్టుకోవాలి.

కావలి_పెట్రోల్: మధ్యలో క్రాంక్ తిప్పొచ్చా?

గూడూరు_గ్యారేజ్: తిప్పబాక. అంతా బిగించి, తాడు లాగి చీలిక తీశాకే స్పానర్‌తో 2 చుట్లు చేత్తో తిప్పు. గట్టిగా తగిలితే ఆపెయ్, వాల్వు పిస్టన్‌ని తాకుతున్నట్టే. పెయింట్ లింకులు మళ్లీ ఎదురుగా రావు, కంగారొద్దు. స్ప్రాకెట్ గుర్తులు కలిస్తే చాలు. హెడ్ బిగించే ముందు బోల్టు గుంతల్లో ఆయిలో నీళ్లో మిగిలితే బ్లాక్ పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టు. యాంగిల్ బిగింపు బోల్టులైతే (చివర్లో ఇన్ని డిగ్రీలని తిప్పి బిగించేవి) కొత్తవే వెయ్యి.