130 కిలోలు, గుండె మీద 8 మి.మీ. కొవ్వు: వ్యాయామం ఎట్ల మొదలుపెట్టియ్యాలె?

హన్మకొండ ట్రైనర్:
మనిషికి 40 ఏండ్లు, ఎత్తు 165 సెం.మీ., బరువు 130 కిలోలు. ఎకోల, అంటే గుండె అల్ట్రాసౌండ్ స్కాన్‌ల, గుండె మీద కొవ్వు 8 మి.మీ. అని రాసిండ్రు. ఫిట్‌నెస్ పరీక్షల గరిష్ఠ ఆక్సిజన్ వాడకం కిలోకు నిమిషానికి 20 మి.లీ. వడ్డేపల్లి కట్ట మీద గంటల 3.5 కిలోమీటర్లు నడిస్తే వాచ్ 390 కేలరీలు అంటున్నది. ఇంట్లోళ్లేమో మెటబాలిజమే స్లో అంటుండ్రు. ఎట్ల ముందుకు పోవాలె?

ఎకో గది:
ఆ 8 ఎక్కడ కొలిచిండ్రో ముందు అడుగుండ్రి. కుడి జఠరిక (గుండె కింది గది) ముందు గోడ మీద, గుండె పూర్తిగ ముడుచుకున్న క్షణంల, గోడకు నిలువుగ కొలిచి మూడు బీట్ల సగటు తియ్యాలె. బరువున్నోళ్లల్ల బొమ్మ మసక మసకగ వస్తది, గుండె చుట్టూ ఉండే సంచి పొర బయటి కొవ్వు కూడ కలిసి అంకె పెరుగుతది. ఆర్నెల్లకు 7 వచ్చిందని సంబురపడొద్దు, కొలిచే చెయ్యి మారితే కూడ అంత తేడా రావొచ్చు.

కాజీపేట ఫిజియో:
మెటబాలిజం స్లో కాదన్నా. బరువు, ఎత్తు, వయసు తోటి లెక్కగట్టే మిఫ్లిన్ సూత్రం వేస్తే 1300 + 1031 − 200 + 5, అంటే ఊకె పండుకున్నా రోజుకు 2136 కేలరీలు, గంటకు 89. వాచ్ మాత్రం కూసున్నా కిలోకు గంటకు 1 చొప్పున 130 పట్టుకుంటది. కొవ్వు కండరమంత ఖర్చు చెయ్యదు, ఆ సంగతి దానికి తెల్వది. నడకకు అదనంగ పడేది కిలోమీటరుకు కిలోకు అర కేలరీ, అంటే 130 కిలోలకు 65: 3.5 × 65, సుమారు 228. 390 చూసి బజ్జీల బండి కాడ ఆగితే అయిపాయె.

20ని 130తోటి గుణిస్తే నిమిషానికి 2.6 లీటర్లు. ఇంజన్ చిన్నది కాదు, లోడ్ ఎక్కువ. 110 కిలోలకు దిగితే అదే 2.6 లీటర్లు కిలోకు 23.6 అయితది, గుండె ఏం మారకున్నా. మొత్తం లీటర్లు, కిలోకు వచ్చేది, రెండు అంకెలూ రాసుకోండ్రి.

ఈసీజీ, బీపీ, షుగర్ చూపిచ్చినంకనే మొదలు. సమతలం మీద 5 నిమిషాల నడక, రోజుకు నాలుగుసార్లు. మాట్లాడగలగాలె, పాట పాడలేకపోవాలె. వారానికి ఒక్కో నిమిషం పెంచుండ్రి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడితే పల్స్ నమ్మొద్దు. ట్రెడ్‌మిల్ స్టిక్కర్ మీద లోడ్ చూడుండ్రి, ఇండ్లల్ల వాడేటివి చానా మట్టుకు 100-120 కిలోలకే. తొడలు ఒరుసుకపోకుండ వ్యాజిలైన్.

హన్మకొండ ట్రైనర్:
బరువులు కూడ ఎత్తియ్యాల్నా?

ఎకో గది:
ఎత్తియ్యాలె. 2019ల వచ్చిన డెన్మార్క్ ట్రయల్‌ల 12 వారాలకు గుండెను అంటుకున్న కొవ్వు ఏరోబిక్ (దమ్ము పెంచే కసరత్తు) తోటి 32 శాతం, బరువులతోటి 24 శాతం తగ్గింది. పొర బయటిది బరువులతోనే తగ్గింది, 31 శాతం. అండ్ల ఉన్నది 50 మందే, అదే శాతం ఈయనకు వస్తదని మాటియ్యకుండ్రి. మొదటికి ఎత్తు కుర్చీల నుంచి లేసి కూసునుడు 8 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు. మోకాలు నొస్తే కుర్చీ ఇంకింత ఎత్తు చెయ్యుండ్రి, బందు పెట్టొద్దు.