చనిపోయిన తండ్రి నాటు తుపాకి ఇంట్లో దొరికింది. తమ్ముడిపై ఆయుధాల చట్టం కేసుకు రక్షణ ఏమిటి?

ప్రశ్న: గజపతి జిల్లా రైతు

మాది ఒడిశాలో పర్లాకిమిడికి దగ్గర, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లె. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి మా నాన్నగారికి మందు కూరి పేల్చే నాటు తుపాకి లైసెన్సు ఉండేది. ఆయన పోయిన తరువాత దానిని ఎవరూ ఠాణాలో అప్పగించలేదు. అటక మీద గోనెసంచిలో అలాగే ఉండిపోయింది. గత నెలలో పోలీసులు ఇల్లు సోదా చేసి తుపాకిని జప్తు చేశారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, పండుగకు వచ్చి ఆ రోజు ఇంట్లో ఉన్న మా తమ్ముణ్ణి లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్నాడంటూ ఆయుధాల చట్టం సెక్షన్ 25(1బి)(ఎ) కింద అరెస్టు చేశారు. మందు, రవ్వలు దొరకలేదు. కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. శ్రీకాకుళంలో మేనమామ ఇంట తెలుగు మాధ్యమంలో చదువుకున్న మా తమ్ముడికి ఆ లిపి రాదు, అయినా సంతకం పెట్టాడు. బెయిలు వస్తుందా? కేసు నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: సిరొంచ వాసి

మా గడ్చిరోలి జిల్లాలో ఇటువంటి తుపాకులను భర్మార్ అంటారు. మాకు కాగితాలు మరాఠీలో వస్తాయి, మీకు ఒడియాలో, అవస్థ ఒక్కటే. నా ఉద్దేశంలో మీరు అంతగా భయపడవలసిన పని లేదు. మీ నాన్నగారికి లైసెన్సు ఉన్నది కనుక అది దొంగ తుపాకి కాదు; లైసెన్సు పుస్తకం చూపిస్తే కేసు అక్కడితో తేలిపోవాలి.

జవాబు 2: జయపురం న్యాయవాది

సిరొంచ మిత్రులు ధైర్యం చెప్పడం బాగానే ఉంది కానీ, చట్టం అలా లేదు. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. లైసెన్సుదారు మరణించాక ఆయుధం ఎవరి చేతిలో ఉన్నదో వారు అనవసరమైన జాప్యం లేకుండా దానిని సమీప ఠాణాలోగాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్దగాని జమ చేయాలని 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 21 చెబుతుంది. వారసులు తమ పేరున లైసెన్సు కోరుకోవడానికి 2016 నాటి నియమావళిలో దారి ఉన్నది. జమ చేయకపోవడం కూడా నేరమే. కనుక పాత లైసెన్సు పుస్తకం తుపాకి ఎక్కడి నుంచి వచ్చిందో చూపుతుంది, మీ కుటుంబం దానిని దొంగచాటుగా కొనలేదని చూపుతుంది, అంతే. దానివల్ల కేసు దానంతట అది కొట్టుపడదు.

అసలు బలం మరొక చోట ఉన్నది. ఆయుధం ఇంట్లో దొరికినంత మాత్రాన అది ఆ సమయంలో ఇంట్లో ఉన్నవాడి స్వాధీనంలో ఉన్నట్టు కాదు. 1972లో గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, ఆయుధం ఉన్నదన్న ఎరుక నిందితుడికి ఉండాలి. అది చేతిలో లేనప్పుడు దానిపై అధికారమో అదుపో ఉండాలి. విశాఖలో కాపురం, ఉద్యోగం, పండుగకు మాత్రమే రాక అనే విషయాలు ఈ వాదానికి పునాది. అద్దె కాగితాలు, హాజరు పట్టిక, ప్రయాణపు టిక్కెట్లు ఇప్పుడే సేకరించండి. విచారణ నాటికి అవి దొరకవు.

శిక్ష గురించి దాచకుండా చెప్పాలి. 2019 సవరణ తరువాత ఈ సెక్షన్ కింద శిక్ష 2 సంవత్సరాలకు తగ్గకుండా 5 సంవత్సరాల దాకా ఉంటుంది. ప్రత్యేక కారణాలు తీర్పులో నమోదు చేస్తే తప్ప కోర్టు అంతకంటే తగ్గించలేదు. అయితే ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైనదో పోలీసులు కారణాలు చూపాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాత నేరచరిత్ర లేనివాడికి, మందుగుండు దొరకని కేసులో, బెయిలు అడగడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. 60 రోజుల్లో ఛార్జిషీటు దాఖలు కాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది; కానీ ఛార్జిషీటు పడకముందే దరఖాస్తు పెట్టాలి, ఆ గడువును మీ వకీలు క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.

భాష విషయం చిన్నది కాదు. అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో, లిఖితపూర్వకంగా ఇవ్వాలని మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. మీ తమ్ముడికి ఏ భాషలో ఏమి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ముందుగా కనుక్కోండి. కోర్టులో సాక్ష్యం నడిచేటప్పుడు కూడా దానిని తనకు తెలిసిన భాషలో చెప్పించమని అడిగే హక్కు అతనికి ఉన్నది.

జవాబు 3: బరంపురం, కోర్టులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని

న్యాయవాది గారు చెప్పనివి రెండు మూడు కలుపుతాను. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదనే సెక్షన్ 3 ఉల్లంఘనకు సంబంధించిన కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారి అనుమతి ముందే ఉండాలి. అనుమతి పత్రం ఛార్జిషీటుతో ఉన్నదా, దాని తేదీ ఏమిటి, తుపాకిని చూసి మనసు పెట్టి ఇచ్చారా, లేక ముద్ర వేసి పంపారా అన్నది మీ వకీలు అక్షరం అక్షరం చదవాలి. నా ఉద్యోగకాలంలో చాలామంది ఈ కాగితాన్ని తిరగేసేవారు కారు, అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తుపాకి పేలుతుందా లేదా అన్న నిపుణుడి నివేదిక మరొకటి. మరమ్మతు చేసినా పేలనంతగా పాడైపోయిన ఆయుధాలకు సెక్షన్ 45లో మినహాయింపు ఉన్నది. అటక మీద ఏళ్ల తరబడి తుప్పు పట్టిన గొట్టానికి ఈ వాదం వర్తించవచ్చు. అయితే కాస్త నూనె రాసి బాగు చేస్తే పేలేదైతే వర్తించదు. జప్తు సమయంలో సీలు వేశారా, సీలుతోనే ప్రయోగశాలకు చేరిందా అన్నది కూడా అడగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి. ఆ వీడియో నకలు కోరండి; అటక ఎంత ఎత్తున ఉన్నది, సంచి కంటికి కనబడేలా ఉన్నదా అన్నది ఏ సాక్షి మాటకంటే అదే బాగా చెబుతుంది.

డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు.

ప్రశ్నించినవారు: గజపతి జిల్లా రైతు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఒక్క భయం మిగిలింది. ఇల్లు మా అమ్మగారి పేరున ఉంది, ఆవిడ అక్కడే ఉంటారు. తమ్ముడికి తెలియదని మేము వాదిస్తే, కేసు ఆవిడ మీదకు మళ్లుతుందా? సంచి కట్టినది నిజానికి

జవాబు 4: జయపురం న్యాయవాది

అక్కడే ఆగండి. ఎవరు కట్టారో, ఎవరు ఎక్కించారో నలుగురూ చదివే చోట రాయకండి. మీ వకీలుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. సగం నిజం విన్న వకీలు సాక్షిని ప్రశ్నిస్తూ తానే గోతిలో పడతాడు.

మీ ప్రశ్నకు సంబంధించినది సెక్షన్ 35. పలువురు కలిసి ఉంటున్న ఇంట్లో ఆయుధం దొరికితే, అది అక్కడ ఉన్నదని తెలిసినట్టు నమ్మడానికి కారణం ఉన్న ప్రతి ఒక్కరినీ, వారు వేరుగా రుజువు చేసుకోనంతవరకు, బాధ్యులుగా పరిగణించవచ్చు. కనుక మీ భయం వట్టిది కాదు. అయినా తమ్ముడి వాదం ‘నాకు తెలియదు, నా అదుపులో లేదు’ అన్న దగ్గరే ఆగాలి. ‘వారికి తెలుసు’ అని మరొకరి వైపు చూపవలసిన అవసరం దానికి లేదు. అమ్మగారిని పోలీసులు పిలిచే సూచన కనిపిస్తే, తమ్ముడి వకీలును కాక వేరొకరిని సంప్రదించి ముందస్తు బెయిలు గురించి ఆలోచించండి, ఎందుకంటే ఆ ఇద్దరి ప్రయోజనాలు ఏదో ఒక దశలో ఎదురుబొదురు కావచ్చు.