ఆర్మీలో చేరబోతున్నాను, టీకా కాగితాల సంగతి ఎవరైనా చెప్పండి

ఖమ్మం కుర్రాడు, ఇర్వింగ్:

అందరికీ నమస్కారం. మేనమామ వేసిన పిటిషన్ మీద అమ్మానాన్నలతో పాటు ఈ ఏడాదే గ్రీన్ కార్డుతో టెక్సాస్ వచ్చాను. వయసు 20. యూఎస్ ఆర్మీలో చేరదామని రిక్రూటర్‌ని కలిశాను. రాత పరీక్ష అయిపోయింది, మెప్స్‌లో (మిలిటరీలో చేరేవాళ్ళని పరీక్షించే కేంద్రం) మెడికల్ మిగిలింది. "షాట్ రికార్డ్ ఉంటే పట్టుకురా" అన్నాడాయన. నా దగ్గర ఉన్నవి మా ఊరి పీహెచ్‌సీలో ఇచ్చిన టీకాల కార్డు (సగం చెదలు తినేసింది), ముంబై వీసా ఇంటర్వ్యూకి ముందు చేసిన మెడికల్ కాగితాలు. ఇవి పనికొస్తాయా? ట్రైనింగ్‌లో ఒకే రోజు పది సూదులు పొడుస్తారని విని అమ్మకి నిద్ర పట్టడం లేదు. తెలిసిన బాబాయ్ ఒకాయన గన్నుతో కొడతారని కూడా చెప్పారు. ఇంకో సంగతి, చిన్నప్పుడు జ్వరానికి ఏదో మందు వేస్తే నాకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయట. మందు పేరు అమ్మకి గుర్తు లేదు. ఇది మెప్స్‌లో చెప్పాలా? చెబితే వెనక్కి పంపిస్తారా?

ప్లేనో అంకుల్:

బాబూ, కాగితాలతో పనేం లేదు. అక్కడ అందరినీ వరసలో నిలబెట్టి అన్నీ మళ్ళీ వేస్తారు. దద్దుర్ల మాట ఎత్తకు, ఫైలు అనవసరంగా ఆగిపోతుంది. మనవాళ్ళు ఎంతమంది చేరలేదు!

కిలీన్ అన్న:

అంకుల్ గారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి. మొదటి మాట సగం నిజం. రెండోది మాత్రం ఆ అబ్బాయి ప్రాణం మీదకి తెచ్చే సలహా. నేను ఆర్మీలో మెడిక్‌గా చేసినవాణ్ణి, రిసెప్షన్‌లో, అంటే కొత్తగా చేరినవాళ్ళు మొదట దిగే చోట, టీకాల టేబుల్ వెనకాల నిలబడి కుర్రాళ్ళకి సూదులు వేసినవాణ్ణి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

తమ్ముడూ, ముందు దద్దుర్ల సంగతే చూద్దాం. బేసిక్ ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళకి టీకాలతో పాటు ఇంకో ఇంజెక్షన్ కూడా వేస్తుంటారు. దాని పేరు బైసిలిన్, అంటే బెంజథీన్ పెన్సిలిన్. అది టీకా కాదు, యాంటీబయాటిక్. ఒకే హాలులో అరవై మంది పడుకునే చోట స్ట్రెప్ గొంతునొప్పి ఒకడికి వస్తే బ్యారక్ అంతా పాకుతుంది, ముదిరితే గుండెని దెబ్బతీసే రుమాటిక్ ఫీవర్ దాకా పోతుంది. అందుకని ముందే వేసేస్తారు. మందు చిక్కగా ఉంటుంది, పిరుదులో వేస్తారు, కుర్రాళ్ళు దాన్ని పీనట్ బటర్ షాట్ అంటారు. నీకు చిన్నప్పుడు పడనిది పెన్సిలిన్ జాతి మందే అయితే (మన దగ్గర జ్వరానికి, గొంతుకి ఎక్కువగా రాసేది అమాక్సిసిలిన్, అదీ ఆ జాతే) చెప్పకుండా ఈ సూది వేయించుకుంటే ఏమవుతుందో ఊహించుకో. చెబితే నిన్ను వెనక్కేం పంపరు. బైసిలిన్ బదులు అజిత్రోమైసిన్ లాంటి వేరే మందు ఇస్తారు, అంతే.

అయితే "చిన్నప్పుడు దద్దుర్లు వచ్చాయట" అన్న ఒక్క ముక్కతో జీవితాంతం పెన్సిలిన్ అలర్జీ ముద్ర వేయించుకోవడమూ మంచిది కాదు. ఆ ముద్ర ఉన్న వాళ్ళని పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిది మందికి అలర్జీ ఉండదు. జ్వరంతో వచ్చిన దద్దుర్లని మందు మీదకి నెట్టేసి ఉంటారు. మెప్స్‌కి ముందే ఒక అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ముందు చర్మం మీద పరీక్ష చేసి, ఆ తర్వాత చిన్న డోసు మింగించి కాసేపు కూర్చోబెడతారు. ఫలితం ఏదైనా ఆ రిపోర్టు నీ చేతిలో ఉండాలి.

దాచడం గురించి ఇంకో మాట. 2022 నుంచి మెప్స్‌లలో జెనెసిస్ అనే కొత్త మెడికల్ రికార్డుల వ్యవస్థ వచ్చింది. నువ్వు అమెరికాలో ఏ క్లినిక్‌కి వెళ్ళావో, ఏ మందు కొన్నావో అందులో కనబడే అవకాశం ఎక్కువ. సంతకం పెట్టిన ఫారంలో ఒకటి, స్క్రీన్ మీద ఇంకొకటి ఉంటే అప్పుడు నిజంగానే ఫైలు ఆగుతుంది.

ఇక కాగితాలు. వీసా మెడికల్‌లో డీఎస్-3025 అని టీకాల వర్క్‌షీట్ ఒకటి ఉంటుంది. నీ దగ్గరున్న వాటిలో బంగారం అదే. తారీఖు, టీకా పేరు, డాక్టర్ సంతకం అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. అది, చెదలు తిన్న కార్డు కలిపి పట్టుకుని ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికో, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కో వెళ్ళు. వాళ్ళు చూసి టెక్సాస్ టీకా రిజిస్ట్రీలో ఎక్కించి ప్రింటు ఇస్తారు. ఇక్కడి రిజిస్ట్రీలో చేరాలంటే నీ సమ్మతి సంతకం కావాలి, మర్చిపోకు.

నీ వయసు వాళ్ళకి మన సర్కారు టీకాల్లో బీసీజీ (టీబీ టీకా), పోలియో చుక్కలు, డీపీటీ, తట్టు టీకా పడి ఉంటాయి. 2017 ఆగస్టులో బడికి వచ్చి ఎంఆర్ టీకా వేసి, ఎడమ బొటనవేలికి సిరా గుర్తు పెట్టారు చూడు, అది తట్టుకి, రుబెల్లాకి. గవదబిళ్ళల టీకా, ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ సర్కారు జాబితాలో లేవు, డబ్బు పెట్టి ప్రైవేటులో వేయించుకుంటేనే. వీసా మెడికల్‌లో వీటిలో కొన్ని పడి ఉండొచ్చు, వర్క్‌షీట్ చూడు. ఆటలమ్మ చిన్నప్పుడే పోసిందని అమ్మ అంటే టైటర్ అనే రక్తపరీక్ష చేయించు. యాంటీబాడీలు ఉన్నట్టు తేలితే ఆర్మీ ఒప్పుకుంటుంది, ఆ సూది తప్పుతుంది. తట్టు, రుబెల్లా, హెపటైటిస్ ఎ, బి కూడా అంతే. అంకుల్ గారు అన్నట్టు కాగితం లేకపోతే మళ్ళీ వేస్తారు. దానివల్ల పెద్ద హానేం లేదు, కాకపోతే తప్పించుకోగలిగిన సూదులు. కోర్సు మధ్యలో ఆగినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టరు, మిగిలిన డోసులే వేస్తారు.

బీసీజీ మచ్చ సంగతి చాలామంది మనవాళ్ళకి తెలియదు. చేతి మీద టీబీ చర్మ పరీక్ష చేస్తే, బీసీజీ వేయించుకున్నవాళ్ళకి రోగం లేకపోయినా ఉబ్బొచ్చు. "నాకు బీసీజీ వేశారు, రక్తపరీక్ష చేయండి" అని అడుగు. క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్షలని బీసీజీ ప్రభావితం చేయదు. చర్మ పరీక్షే చేస్తామంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి కలిపి వేసే టీకా) వేసిన రోజే చేయాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. ఈ మధ్యలో చేస్తే ఫలితం తప్పు రావొచ్చు.

ఆ టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో ఇప్పుడు చెబుతాను, అమ్మకి చదివి వినిపించు. గన్ను లేదు. ఒకప్పుడు ఉండేది, గాలి ఒత్తిడితో సూది లేకుండా కొట్టే జెట్ ఇంజెక్టర్. ఒకరి రక్తం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉందని 1997లో మిలిటరీ దాన్ని మానేసింది. ఈ జాగ్రత్త వెనకాల చేదు అనుభవం ఉంది. 1942లో ఎల్లో ఫీవర్ టీకాలో కలిపిన మనిషి సీరం వల్ల అమెరికా సైనికులకి హెపటైటిస్ బి సోకి, దాదాపు 50,000 మంది కామెర్లతో ఆసుపత్రుల పాలయ్యారు. ఇప్పుడు ప్రతి మనిషికీ కొత్త సూది, కొత్త సిరంజి.

పొద్దున్నే ఏదైనా తిను, నీళ్ళు తాగు. ముందు ఒక కాగితం మీద ప్రశ్నలు ఉంటాయి: అలర్జీలు, ఇంతకు ముందు ఏ టీకాకైనా ఇబ్బంది పడ్డావా, ఇప్పుడు జ్వరం ఉందా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులేమైనా వాడుతున్నావా. వెనకాల డ్రిల్ సార్జెంట్ తొందరపెడుతుంటాడు కాబట్టి మన కుర్రాళ్ళు అన్నిటికీ "నో" అని గీసేసి ముందుకి జరిగిపోతారు. అక్కడే ఆగాలి. కాగితం మీద రాసినా సరే, టేబుల్ దగ్గర సూది పట్టుకున్న మనిషితో నోరు తెరిచి మళ్ళీ చెప్పు. లైను ఆగినా పర్లేదు. నా చేతిలో సిరంజి ఉండగా "సార్, నాకు పెన్సిలిన్ పడదు" అన్నవాణ్ణి నేనెప్పుడూ కసురుకోలేదు, పక్కకి కూర్చోబెట్టి డాక్టర్‌ని పిలిచాను.

సూది భుజం ఎముక చివర నుంచి రెండు మూడు వేళ్ళ కిందకి, కండ మందంగా ఉన్నచోట పడాలి. మరీ పైకి వేస్తే కీలులోకి పోయి నెలల తరబడి చెయ్యి లేవకపోవచ్చు. అందుకని చొక్కా కాలర్ పక్కకి లాగి భుజం చూపించడం కాదు, స్లీవ్ పూర్తిగా పైకి మడిచి చెయ్యి వదులుగా వేలాడదియ్యి. ఒకే చేతికి రెండు వేస్తే మధ్యలో కనీసం అంగుళం దూరం ఉంటుంది. ఒకే రోజు అన్ని టీకాలా అని అమ్మ అడుగుతారు. వేయొచ్చు. ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటి బతికున్న క్రిమి టీకాలైతే ఒకే రోజు వేయాలి, లేదా 28 రోజుల ఎడం ఇవ్వాలి. అందుకే కలిపి వేసేస్తారు. అయ్యాక పదిహేను నిమిషాలు కుర్చీలో కూర్చోమంటారు, కూర్చో. ఆ గదిలో కళ్ళు తిరిగి పడేవాళ్ళు ఎక్కువగా కండలు తిరిగిన కుర్రాళ్ళే, సూది వల్ల కాదు, భయం వల్ల, ఖాళీ కడుపు వల్ల. పడి తల పగలగొట్టుకుంటే సూది కంటే అదే పెద్ద దెబ్బ.

ఇంకోటి, బయట ఎక్కడా దొరకనిది, మిలిటరీ వాళ్ళకే ఇచ్చేది: జ్వరం, దగ్గు తెచ్చే అడెనోవైరస్‌కి టీకా టాబ్లెట్లు. టైప్ 4కి ఒకటి, టైప్ 7కి ఒకటి. నమలకూడదు, విరవకూడదు, నీళ్ళతో మింగేయాలి. పేగుల్లోకి వెళ్ళాకే విడుదలవ్వాలి, నోట్లో, గొంతులో విడుదలైతే అసలు జబ్బే రావొచ్చు. 1971లో మొదలైన ఈ టీకా తయారీ 1996లో ఆగిపోయింది, నిల్వలు 1999కి అయిపోయాయి. ఆ తర్వాత ట్రైనింగ్ క్యాంపుల్లో జ్వరాలు మళ్ళీ విరుచుకుపడ్డాయి, కొందరు కుర్రాళ్ళు చనిపోయారు కూడా. 2011లో కొత్త టాబ్లెట్లకి అనుమతి వచ్చి మళ్ళీ మొదలుపెట్టగానే జ్వరాలు తగ్గిపోయాయి. మింగాక నాలుగు వారాల దాకా మలంలో వైరస్ పోతుంటుంది, సబ్బుతో చేతులు కడుక్కోవడం అక్కడ నిజంగా పని.

జీ6పీడీ అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. మనవాళ్ళలో ఈ ఎంజైమ్ లోపం కొంతమందికి ఉంటుంది. ఉంటే ప్రైమాక్విన్ లాంటి మలేరియా మందులు ఎర్రరక్తకణాలని పగలగొడతాయి. ఫలితం ఏమొచ్చిందో అడిగి రాసిపెట్టుకో.

శాండియాగో అక్క:

నేవీలో నర్సుగా చేస్తున్నాను. పైన అన్న చెప్పిన దానికి రెండు కలుపుతాను. శాకాహారులు ఎప్పుడూ అడిగేది జెలటిన్ గురించి. కొన్ని ఎంఎంఆర్ టీకాల్లో, ఆటలమ్మ టీకాలో పంది జెలటిన్ ఉంటుంది. ఆచారం కారణంగా వద్దనుకుంటే మతపరమైన మినహాయింపుకి అప్లికేషన్ పెట్టుకోవచ్చు, నిర్ణయం పై అధికారులది, ట్రైనింగ్ లైనులో నిలబడి "నేను వేయించుకోను" అంటే కుదరదు. టైటర్‌లో రోగనిరోధక శక్తి ఉన్నట్టు తేలితే ఈ గొడవే రాదు, అందుకని శాకాహారులు ముందు రక్తపరీక్షే చేయించుకోండి. జెలటిన్ వల్ల ఒంటి మీద రియాక్షన్ వచ్చిన వాళ్ళది వేరే సంగతి, అది డాక్టర్ ఇచ్చే మెడికల్ మినహాయింపు. గుడ్డు పడని వాళ్ళు ఫ్లూ టీకాకి భయపడక్కర్లేదు, ఎల్లో ఫీవర్ టీకాకి మాత్రం తప్పకుండా చెప్పాలి.

అమ్మాయిలు చదువుతుంటే మీకోసం: బతికున్న క్రిమి టీకాలకి, అడెనోవైరస్ టాబ్లెట్లకి ముందు గర్భ పరీక్ష చేస్తారు. సిగ్గుపడి అబద్ధం చెప్పకండి.

కోవిడ్ టీకా అడుగుతారని భయపడేవాళ్ళకి: 2021 ఆగస్టులో పెట్టిన తప్పనిసరి నిబంధనని 2023 జనవరి 10న ఎత్తేశారు. ఈలోగా వద్దన్నవాళ్ళని 8,000 మందికి పైగా బయటికి పంపారు. ఫ్లూ రూల్స్ కూడా మారుతున్నాయి, వెళ్ళే నెలలో ఏముందో రిక్రూటర్‌ని అడగండి.

ఖమ్మం కుర్రాడు, ఇర్వింగ్:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించాను, గన్ను లేదనగానే సగం భయం పోయింది. డీఎస్-3025 దొరికింది. అందులో ఎంఎంఆర్ ఒక డోసు, టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకా) ఉన్నాయి, ఆటలమ్మ దగ్గర "జబ్బు వచ్చినట్టు చెప్పారు" అని రాసి ఉంది. ట్రైనింగ్ అయ్యాక కొరియా పంపొచ్చని రిక్రూటర్ అన్నాడు. దానికి వేరే టీకాలు ఉంటాయా?

కిలీన్ అన్న:

ఉంటాయి. కొరియాకి ఆంత్రాక్స్, మెదడువాపు టీకా మామూలే. వరంగల్, కరీంనగర్ వైపు పిల్లల్ని పట్టిన జపనీస్ మెదడువాపు అక్కడా ఉంది. ఆంత్రాక్స్ మూడు డోసులు: మొదటిది, నెల తర్వాత ఒకటి, ఆరు నెలల తర్వాత ఒకటి. తర్వాత బూస్టర్లు. చెయ్యి గట్టిగా ఉబ్బి నొప్పెడుతుంది, కోర్సు మధ్యలో యూనిట్ మారితే డోసు తప్పిపోతుంది, కాబట్టి ఆర్మీ మెడికల్ రికార్డుల సిస్టమ్ మెడ్‌ప్రాస్‌లో నీ పేరు మీద ఏం ఎక్కిందో నువ్వే చూసుకుంటూ ఉండు. మశూచి టీకా వేస్తామన్నారంటే మాత్రం ఇంట్లో ఎవరికైనా ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉందా, చంటిపిల్లలు ఉన్నారా అని ముందే చెప్పు. 2007లో ఒక సైనికుడు ఆ టీకా వేయించుకుని ఇంటికి వెళ్తే, ఎగ్జిమా ఉన్న రెండేళ్ళ కొడుక్కి అంటుకుని పిల్లాడు చావు దాకా వెళ్ళి బయటపడ్డాడు.

ఆటలమ్మ దగ్గర "చెప్పారు" అన్న ముక్క ట్రైనింగ్‌లో చెల్లకపోవచ్చు, ఈ వారమే టైటర్ చేయించు. ఎంఎంఆర్ రెండో డోసు ఫార్మసీలో వేయించేసుకో, మొదటి దానికి 28 రోజులు దాటితే చాలు. ప్రింటు రెండు కాపీలు తీసి ఒకటి రిక్రూటర్‌కి ఇవ్వు, ఒకటి నీ సంచిలో పెట్టుకో, ఫోన్‌లో ఫోటో తీసి అమ్మకి కూడా పంపు. ట్రైనింగ్ మొదలవగానే ఫోన్ తీసుకుంటారు.