క్రైమ్ సీరియళ్లలో మీకు దొరికిన తప్పులు

ఏడురోడ్లు, కడప:
నిన్నటి సీరియల్లో కథ మన కడపలోనే నడుస్తుంది గాని, సీఐ దిగిన జీపుకు టీఎస్ 09 నంబరు ఉంది. హత్య కేసులో శవపరీక్షను అర్ధరాత్రి చేయించారు, జడ్జిగారి చేతికి సుత్తి ఇచ్చారు. మీరు గమనించినవి కూడా రాయండి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
జీపు సంగతి అలా ఉంచండి. ఆ సీఐ భుజాన మూడు నక్షత్రాలు ఉన్నాయి గాని, అంచున ఎరుపు, నీలం రిబ్బను లేదు. రిబ్బను లేకుండా మూడు నక్షత్రాలు పెట్టుకునేది డీఎస్పీ. నాన్నగారి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ పెరిగినవాణ్ణి, నా కన్ను తప్పించుకోలేరు.

టవర్ క్లాక్, అనంతపురం:
వేలెడు రిబ్బను లేకపోతే కథకు వచ్చిన నష్టమేమిటండీ?

కొండారెడ్డి బురుజు:
నష్టం లేదా? కథలోని కేసు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టినది. దానిని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని నిబంధన ఉండగా, వీళ్లు సీఐ చేత చేయించారు. భుజాన డీఎస్పీ, పిలుపులో సీఐ! తెలియకపోతే అడగాలి గాని వెటకారం ఎందుకు?

టవర్ క్లాక్:
వెటకారం చేసింది నేనా, ఇస్త్రీపెట్టె చూపించి పెద్దరికం చేసింది మీరా?

హంద్రీ గట్టు:
ఇంతకీ ఆ సీరియల్ పేరేమిటి?

నల్లకోటు, కడప:
సెషన్స్ కేసులు వాదించేవాణ్ణి గనుక చెబుతున్నాను, మీరిద్దరూ అసలు తప్పును వదిలేశారు. నిందితుడు స్టేషన్లో ఏడుస్తూ నేరం ఒప్పుకోగానే కేసు ముగిసిపోయింది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అతడు చెప్పిన చోట కత్తి దొరికితే, దొరకడానికి సంబంధించినంత మాట మాత్రమే నిలుస్తుంది. ఆ కత్తినైనా వీఆర్వోను సాక్షిగా పిలిచి, మధ్యవర్తుల నివేదిక, అంటే పంచనామా, రాయించి స్వాధీనం చేసుకోవాలి గదా, సీఐ దానిని జేబురుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

కొండారెడ్డి బురుజు:
వకీలుగారూ, ఆయన సీఐ అని మీరు ఏ ధైర్యంతో రాస్తున్నారు? రిబ్బను లేదని చెబుతూనే ఉన్నాను.