రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ తప్పదా? నొప్పైతే పూర్తిగా పోయింది

గోదారిగట్టు:
కింద ఎడమవైపు పెద్ద దవడ పన్నుకి పోయిన నెల రూట్ కెనాల్ చేయించుకున్నాను. పైన తెల్లటి టెంపరరీ సిమెంట్ పెట్టి పంపించారు, దాంట్లో ఓ మూల అప్పుడే రాలిపోయి అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయి. డాక్టర్ గారేమో వేరు లోపల పోస్ట్ అని ఓ సన్నటి కడ్డీ వేసి, పన్ను కట్టి, దాని మీద జిర్కోనియా క్యాప్ వేయాలంటున్నారు. రూట్ కెనాల్‌కి అయినంత ఖర్చు మళ్లీ అవుతుందట. మా ఆఫీసులో ఒకాయన ముందు పంటికి రూట్ కెనాల్ చేయించుకుని మామూలు ఫిల్లింగ్‌తోనే ఏళ్ల తరబడి లాగించేస్తున్నాడు. ఇదంతా నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికా? సంక్రాంతి దాకా ఆగితే ఏమన్నా అవుతుందా?

పళ్లడాక్టరమ్మ:
ఆయనది ముందు పన్ను, మీది దవడ పన్ను, పోలిక అక్కడే చెడింది. ముందు పంటికి చిన్న రంధ్రం చేసి పని కానిచ్చేస్తే, మిగతా పన్ను బాగుంటే ఫిల్లింగ్ చాలు. దవడ పన్ను నమిలే బరువంతా మోయాలి. నరం తీస్తే పన్ను ఎండిపోయి పెళుసైపోతుందని అందరూ అంటారు గానీ అసలు సంగతి అది కాదు, పుచ్చు తినేసిందీ మేం తవ్వి తీసిందీ పోగా ఎంత మిగిలిందనేదే లెక్క. 1989లో వచ్చిన ఒక ప్రయోగంలో పైన రంధ్రం మాత్రమే చేసిన పళ్లకి బిగువు 5 శాతం తగ్గితే, అటూ ఇటూ పక్క పళ్లను ఆనుకునే గోడలు కూడా పోయినవాటికి 60 శాతం దాటి తగ్గింది. అందుకే మీ పంటికి ఆ గోడలు ఉన్నాయో పోయాయో అడగండి. పోతే క్యాప్ తప్పదు.

పోస్ట్ మాత్రం గట్టిగా అడగాల్సిందే. దాంతో పన్నుకి బలం రాదు, పైన కట్టింది ఊడకుండా పట్టుకోవడానికే అది. దవడ పంటిలో నరం ఉండే గది పెద్దది కాబట్టి చాలాసార్లు పోస్ట్ లేకుండానే కట్టేయొచ్చు. చిగురు పైన చుట్టూరా ఓ 2 మిల్లీమీటర్ల సొంత పన్ను మిగిలిందా అన్నదే క్యాప్‌కి ముఖ్యం.

సంక్రాంతి మాట మర్చిపోండి. టెంపరరీ సిమెంట్ కొన్ని వారాల సరుకే, మీదాంట్లో మూల కూడా పోయిందంటున్నారు. ఉమ్మి లోపలికి దిగితే చేసిన రూట్ కెనాలే మళ్లీ చేయాల్సి రావచ్చు. డబ్బు ఇబ్బందైతే ఈ వారం గట్టి ఫిల్లింగ్ చేయించుకుని, క్యాప్ వచ్చే నెల.

సర్వపిండి:
మా నాన్న కూడా ఇట్లనే, నొప్పి లేదు గదా క్యాప్ ఎందుకు అని వదిలేసిండు. ఓ రోజు సకినం కొరికితే టప్పుమంది. డాక్టర్ సన్నటి పుల్లలాంటిది పెట్టి కదిపితే పన్ను రెండు ముక్కలు దేనికదే ఊగింది, చీలిక వేరు దాకా పోయిందట. పీకించుడే అయింది. ఇప్పుడు ఇంప్లాంట్‌కి చెప్పిన రేటు ముందు ఆ క్యాప్ డబ్బులు ఎంత!

గోదారిగట్టు:
సరే, రేపే ఫోన్ చేస్తా. జిర్కోనియానే కావాలా? మెటల్ సెరామిక్ చవగ్గా ఉంది.

పళ్లడాక్టరమ్మ:
రెండూ పనికొస్తాయి. మెటల్ సెరామిక్‌లో పైన పింగాణీ అప్పుడప్పుడు పెచ్చులు ఊడుతుంది, చిగురు దగ్గర నల్లగీత కనబడొచ్చు, అంత వెనక ఎవరు చూస్తారు చెప్పండి. పూర్తి మెటల్ అయితే పన్ను తక్కువ అరగదీస్తే చాలు, చూడ్డానికే బాగోదు. వారంటీ కార్డు చూసి మురిసిపోకండి, అంచు పంటికి సరిగ్గా కూర్చుందా లేదా అన్నదే చూడాలి. రంగు కాగితం కొరికించి చూసేటప్పుడు కాస్త ఎత్తుగా అనిపించినా మొహమాటపడకుండా చెప్పేయండి, అదే అలవాటవుతుందని ఇంటికొచ్చేస్తే నమిలినప్పుడల్లా నొప్పి. అంచు దగ్గర బ్రష్ చేయడం, పళ్ల సందుల్లో దారంతో శుభ్రం చేయడం మానొద్దు. నరం లేదుగా, లోపల మళ్లీ పుచ్చినా మీకు తెలీదు.

బెజవాడ_బావ:
ఖర్చే సమస్యైతే విజయవాడ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో కూడా ఓసారి అడిగి చూడండి. బయటికంటే చాలా తక్కువలో అవుతుంది, కాకపోతే తిరగాలి, ఓపిక కావాలి.