హోసూరులో తయారైన నార్టన్ నార్టనేనా?

కిక్‌స్టార్ట్:
2020 ఏప్రిల్‌లో టీవీఎస్ వాళ్లు 1.6 కోట్ల పౌండ్లు పెట్టి బ్రిటిష్ బైకుల కంపెనీ నార్టన్‌ను కొన్నప్పుడు మనలో చాలామంది కాలర్ ఎగరేశాం. ఇప్పుడు కాస్త చల్లబడ్డాక అడుగుతున్నా. 2025 నవంబరులో మిలాన్ బైకుల షోలో మాంక్స్ ఆర్, మాంక్స్, అట్లాస్, అట్లాస్ జీటీ అని నాలుగు బళ్లు చూపించారు. పెద్ద వీ4 (నాలుగు సిలిండర్ల ఇంజిన్) బళ్లు ఇంగ్లండులోని సోలిహల్‌లో, అట్లాస్‌లు హోసూరులో అంటున్నారు. 1898లో బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ లాన్స్‌డౌన్ నార్టన్ పెట్టిన కంపెనీకీ వీటికీ ట్యాంకు మీద అక్షరాలు తప్ప చుట్టరికం ఏముంది? నన్నడిగితే ఇది బ్రాండును బతికించడం కాదు, పేరు కొనుక్కోవడం.

కోవెంట్రీ తెలుగోడు:
పేరు కొనుక్కోవడం టీవీఎస్‌తో మొదలవలేదు అన్నా. 1973లో నార్టన్ విలియర్స్‌ను, ఇంకో బ్రిటిష్ బైకుల కంపెనీ బీఎస్‌ఏ-ట్రయంఫ్‌ను ప్రభుత్వం డబ్బుతో ఒక గాటన కట్టారు. 1977కల్లా నార్టన్ వాళ్ల పేరున్న బండి కమాండో ఆగిపోయింది. తర్వాత ఆ పేరు చేతులు మారుతూ అమెరికా దాకా వెళ్లింది. కొత్త కమాండో 961కు మూలమైన బండి పుట్టింది ఒరెగాన్‌లో, కెన్నీ డ్రీర్ వర్క్‌షాపులో.

2008లో దాన్ని వెనక్కి తెచ్చిన స్టువర్ట్ గార్నర్ ఇంగ్లిష్ వాడే. ఫ్యాక్టరీ కూడా ఇంగ్లండులోని డోనింగ్టన్‌లోనే. మీరు వెతుకుతున్న బ్రిటిష్‌తనానికి అక్కడ లోటేం లేదు. జరిగిందేమిటి? 228 మంది దాచుకున్న పెన్షన్ డబ్బును తీసుకెళ్లి తన కంపెనీలోనే పెట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం! 2022లో కోర్టులో నేరం ఒప్పుకుంటే 8 నెలల జైలు వేసి, దాన్నీ సస్పెండ్ చేశారు. 2020 జనవరిలో దివాలా తీసింది ఆయన చేతిలోనే.

బుల్లెట్ బాబాయ్:
రాయల్ ఎన్‌ఫీల్డ్‌ను ఇది అసలుదా కాదా అని ఎవరూ అడగరు, గమనించారా? 1955లోనే మద్రాసులో బుల్లెట్ మొదలైంది. ఇంగ్లండులో 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ, 1970లో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ ఫ్యాక్టరీ మూతపడినా ఇక్కడ లైను ఆగలేదు. పనివాళ్ల చేతి నుంచి చేతికి వచ్చిన బండి అది. నార్టన్‌కు ఆ తీగ తెగిపోయింది. అందుకే కిక్‌స్టార్ట్ చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా.

బీఎస్‌ఏ సంగతీ అంతే. మహీంద్రా వాళ్ల క్లాసిక్ లెజెండ్స్ 2016లో కొంది, 652 సీసీ గోల్డ్ స్టార్ తెచ్చింది. బండి బాగానే ఉంటుంది. కానీ ఆ పేరు ఎక్కడిది? బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు 100 మైళ్లు దాటి ల్యాప్ కొట్టినవాళ్లకిచ్చే నక్షత్రం బ్యాడ్జిది. ఇప్పటిది సండే పూట నింపాదిగా కాఫీకి వెళ్లే బండి.

14 నంబర్ స్పానర్:
సెంటిమెంటు పక్కన పెట్టి లోపల చూడండి. టీవీఎస్ వచ్చాక గార్నర్ కాలం నాటి వీ4ను విప్పి పరీక్షిస్తే 35 లోపాలు తేలాయి. ఆ మాట బయటపెట్టింది కొత్త యాజమాన్యంలోని నార్టనే. అమ్మేసిన బళ్ల గురించి అలా చెప్పుకోవడం మార్కెటింగ్ వాళ్లకు నచ్చే పనేం కాదు. పేరు కోసమే కొన్నవాడైతే కొత్త స్టిక్కరేసి మళ్లీ అమ్మేవాడు.

స్లో రైడర్:
మరి అడ్వాన్సులు కట్టి బండి అందని పాత కస్టమర్లు? టీవీఎస్ కొన్నది ఆస్తుల్ని, అప్పుల్ని కాదు. చట్టం ప్రకారం తప్పు లేదు. కానీ 1898 నుంచీ ఉన్న చరిత్ర మాదే అని బ్రోచర్లో వేసుకుంటూ 2019 నాటి రసీదు మాది కాదంటే ఎలా?

కోవెంట్రీ తెలుగోడు:
అది సరైన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఊరి విషయం మాత్రం వదలను. 1983లో జాన్ బ్లూర్ చేతికి వచ్చిన ట్రయంఫ్‌కు ఇప్పటికీ యజమానులు ఇంగ్లిష్ వాళ్లే. బళ్లు ఎక్కువగా తయారయ్యేది థాయ్‌లాండ్‌లో. 400 సీసీ బళ్లు మన బజాజ్ వాళ్ల దగ్గర. నార్టన్‌కు ఓనరు మనవాడు, వీ4 మాత్రం సోలిహల్‌ది. రెంటిలో ఏది బ్రిటిష్ బండి?

14 నంబర్ స్పానర్:
ఇంకోటి చెప్పనా? 1907లో మొట్టమొదటి ఐల్ ఆఫ్ మాన్ టీటీ బైకు రేసులో ట్విన్ సిలిండర్ క్లాసు గెలిచింది రెమ్ ఫౌలర్ నడిపిన నార్టన్. అందులో ఇంజిన్ ఫ్రాన్సుది, ప్యూజో!

ఆ తర్వాత సొంత ఇంజిన్లతో రేసులు గెలిచిన మాట నిజమే. కానీ జనం నార్టన్‌ను గుర్తుపెట్టుకున్నది ఫ్రేముతో. 1950లో వచ్చిన ఫెదర్‌బెడ్ ఫ్రేము చేసింది బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌కాండ్‌లెస్ అన్నదమ్ములు. అది ఎంత బాగుండేదంటే, కుర్రాళ్లు నార్టన్ ఇంజిన్ పీకేసి అందులో ట్రయంఫ్ ఇంజిన్ పెట్టుకుని ట్రైటన్ అనేవాళ్లు.

కమాండో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు దగ్గర నిలబడి చూడండి. ముందు చక్రం గడగడా వణుకుతుంటుంది. థ్రాటిల్ తిప్పి 3000 ఆర్‌పీఎం దాటిస్తే ఆ వణుకు మాయం. ఇంజిన్, గేర్‌బాక్సు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మూడూ ఒక ముక్కగా రబ్బరు మౌంటుల మీద ఉంటాయి. అక్కడ షిమ్ముల (పల్చటి వాషర్ల) గ్యాప్ సరిగ్గా పెట్టకపోతే మలుపులో బండి తోక ఊపుతుంది. ఇదంతా డిజైను బల్ల మీద తేలే పని. అట్లాస్ మలుపు తిరిగే తీరు చూశాకే అది నార్టనో కాదో చెప్తా. ఏ ఊళ్లో బిగించారో నాకనవసరం.

కిక్‌స్టార్ట్:
ప్యూజో దెబ్బ గట్టిగానే తగిలింది. సరే, మలుపులోనే చూద్దాం. కానీ ఒక్క షరతు. హోసూరులో చేసిన బండికి నలుపు తెలుపు బర్మింగ్‌హామ్ ఫొటోలతో యాడ్ వేస్తే మాత్రం ఊరుకోను. హోసూరు అని పెద్దక్షరాలతో రాసుకోండి, అందులో సిగ్గేముంది?

బుల్లెట్ బాబాయ్:
రాయరు. రాస్తే రేటు తగ్గించమంటారు మనవాళ్లే.