క్యాంప్ అర్జెంట్: గుర్రాలు రావట్లేదు

వెంకట్: అందరికీ నమస్తే. కొలరాడోలో ఇండియన్ క్రీక్ దగ్గర మన గుర్రాల క్యాంపుకి ఇంక తొమ్మిది రోజులే. మిగిలిన పనులు: వెయివర్లు, అంటే ప్రమాదం జరిగితే బాధ్యత మాదే అని సంతకం చేసే కాగితాలు (34 మందివి రావాలి, 11 వచ్చాయి), గడ్డి, బిర్యానీ, టెంట్లు, పిల్లల హెల్మెట్లు. గడ్డి ఎక్కడ పడితే అక్కడ కొనకండి. కలుపు విత్తనాలు లేవని సర్టిఫై చేసిన బేళ్లనే నేషనల్ ఫారెస్ట్‌లోకి రానిస్తారు. ఎవరు ఏది చేస్తారో రాత్రికి రాసేయండి.

సునీత: బిర్యానీ నాది.

శ్రీను: వెంకటన్నా, లిస్టు ఆపు. గుర్రాల వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. ఇండియన్ క్రీక్‌కి తేలేరట. ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని స్వారీ చేయించాలంటే స్పెషల్ యూజ్ పర్మిట్ కావాలి. వాళ్ల పర్మిట్ వేరే ట్రెయిల్స్‌కి. రేంజర్ ఆఫీసుకీ చేశాను, అదే మాట.

మాధవి: అడ్వాన్స్ ఇచ్చేముందు ఎవరూ అడగలేదా? 600 డాలర్ల చెక్కు మీద సంతకం నాది!

శ్రీను: మే నెల నుంచి ప్రతి మీటింగ్‌లో గుర్రాలు గుర్రాలు అన్నదెవరక్కా?

మాధవి: ఓహో, ఇప్పుడు తప్పు నాదయిందా. ట్రెజరర్ పని ఇంకెవరైనా చూసుకోండి.

కిరణ్: సైట్లు ఉన్నాయిగా, ఊరికే వెళ్లి పడుకుందాం.

శ్రీను: అవి గుర్రాలతో వచ్చేవాళ్లకి ఇచ్చే సైట్లు బాబూ.

రఘురాం: ఫారంలో నా బరువు అడిగినప్పుడే అనుకున్నా, ఇది తేలే వ్యవహారం కాదని.

పద్మ: బాబాయ్ గారూ, మోయగలిగే గుర్రాన్ని చూసి ఇవ్వడానికే అడుగుతారండీ. మాధవక్కా, కాస్త ఫోన్ ఎత్తు.

వెంకట్: పార్కర్‌లో ఉండే మన డాక్టర్ గారిని అడిగాను. సొంత గుర్రాలు, డబ్బు తీసుకోరు కాబట్టి ఆ పర్మిట్ గొడవ లేదు. రెండింటిని తెస్తానన్నారు. స్వారీ లేదు, పిల్లలు బ్రష్ చేయొచ్చు, నీళ్లు పెట్టొచ్చు. ఒక్కోటి రోజుకి 10 గాలన్ల దాకా తాగుతుందట, బకెట్లు తెచ్చుకోండి. వెనకవైపు మాత్రం ఎవరూ నిలబడకూడదు.

మాధవి: పద్మతో మాట్లాడాను. గుర్రాల వాళ్లతో కూడా. అడ్వాన్స్ వెనక్కివ్వరు, కానీ వాళ్ల ట్రెయిల్‌లోనే శనివారం పొద్దున బ్యాచ్‌లుగా ఎక్కిస్తారు. మధ్యాహ్నం ఉరుములొస్తాయి కాబట్టి 11 లోపు దిగాలి. శ్రీనూ, నువ్వు బ్యాచ్‌లు వెయ్యి.

శ్రీను: వేస్తానక్కా. ఇందాక కొంచెం ఎక్కువ మాట్లాడాను.

కిరణ్: పక్కనే ఉన్న మామూలు క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు సైట్లు క్యాన్సిలయ్యాయి, పట్టేశాను. చంటిపిల్లలున్నవాళ్లు అక్కడ పడుకోవచ్చు. మిగతావాళ్లం రాత్రికి ఇళ్లకే.

రఘురాం: చలిమంట అయినా ఉంటుందా?

కిరణ్: అడవిలో మంటలు రాకుండా పెట్టే స్టేజ్ 2 ఆంక్షలు నడుస్తున్నాయండీ. కట్టెలు, బొగ్గులు రెండూ బంద్. ఆపుకునే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్ ఒక్కటే. 2002లో హేమన్ అనే కార్చిచ్చు ఇదే పైక్ నేషనల్ ఫారెస్ట్‌లో 1,38,000 ఎకరాలు తినేసింది, వాళ్ల భయం వాళ్లది.

సునీత: అయితే దమ్ బిర్యానీ అక్కడ కుదరదు. పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే చేసి తెస్తా. ఐస్ బాక్సులు ఎవరి దగ్గరున్నాయి?

పద్మ: రెండు నా దగ్గరున్నాయి. కార్లో ముగ్గురికి చోటుంది, సెడేలియా మీదుగా వెళ్లేవాళ్లు చెప్పండి.